వంపు మోల్డ్‌ల మీద చారలు: ఆటోడెస్క్ ఫ్యూజన్ ఫినిషింగ్ ఎంతవరకు పనికొస్తుంది

మోల్డ్‌లకు వాడే పీ20 స్టీల్‌లో చేసిన కేవిటీ (ప్లాస్టిక్ నిండే గుంట) ఒకటి ఫినిషింగ్, అంటే చివరి నునుపు కోత, అయి మెషిన్ దిగింది. కొలతలు సరిగ్గా ఉన్నాయి. గోరు పెట్టి లాగితే ఏమీ తగలదు. ట్యూబ్‌లైటు కింద కాస్త వంచి చూస్తే మాత్రం వంపు పొడవునా చేప పొలుసుల్లా మెరుస్తుంది. ఇక పాలిషర్ రాయి పట్టుకుని కూర్చోవాలి. రాయి ఎక్కువసేపు పడితే వంపు ఆకారమే చెడుతుంది, మోల్డ్ రెండు సగాలు కలిసే పార్టింగ్ లైన్ దగ్గర అంచు గుండ్రమవుతుంది. అందుకే మోల్డ్ పనికి క్యామ్ సాఫ్ట్‌వేర్‌ను (మోడల్ చూసి మెషిన్‌కు కోత దారి రాసిచ్చేది) ఎంచుకునేటప్పుడు రఫింగ్ (మొదటి మొరటు కోత) ఎంత వేగంగా చేస్తుందన్నది తర్వాతి మాట. ఫినిషింగ్ లైన్లు (కటర్ నడిచే దారులు) ఎలా వేస్తుందో ముందు చూడాలి. ఆ ఒక్క కోణంలోనే ఇక్కడ ఆటోడెస్క్ ఫ్యూజన్‌ను పరిశీలిస్తున్నాం. జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో ఒకటి రెండు మూడు-యాక్సిస్ వీఎంసీలతో (నిలువు స్పిండిల్ ఉన్న కంప్యూటర్ మిల్లింగ్ మెషిన్లు) నడిచే టూల్‌రూమ్‌ను మనసులో పెట్టుకుని రాసిన మాటలివి.

2024 జనవరి వరకు దీని పేరు ఫ్యూజన్ 360. ఇందులోని క్యామ్ భాగానికి మూలం హెచ్‌ఎస్‌ఎమ్‌వర్క్స్. ఆ డెన్మార్క్ కంపెనీని ఆటోడెస్క్ 2012లో కొంది. పవర్‌మిల్ అనే క్యామ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన డెల్‌క్యామ్‌ను 2014లో సొంతం చేసుకుంది. కాబట్టి వంపుల మీద లైన్లు వేయడం తెలియని సాఫ్ట్‌వేర్ కాదిది. తెరవగానే అది ఇచ్చే డిఫాల్ట్ అంకెలు మోల్డ్ పని కోసం పెట్టినవి కావు, చిక్కంతా అక్కడే.

టాలరెన్స్ గడి

పారలల్, స్కాలప్, కాంటూర్ లాంటి ఏ త్రీడీ ఆపరేషన్ (లైన్లు వేసే పద్ధతి) తీసుకున్నా పాసెస్ ట్యాబ్‌లో మొదట కనిపించేది టాలరెన్స్, అంటే కటర్ దారి అసలు వంపు నుంచి ఎంత తప్పొచ్చో చెప్పే హద్దు. మిల్లీమీటర్లలో పనిచేస్తుంటే 0.01 ఉంటుంది. పది మైక్రాన్లే కదా, మోల్డ్‌కు చాలదా అనిపిస్తుంది. సైజుకు చాలుతుంది, మెరుపుకు చాలదు.

లెక్క వేసి చూడండి. సాఫ్ట్‌వేర్ వంపును చిన్న చిన్న సరళరేఖలుగా విరిచి కోడ్ ఇస్తుంది. వ్యాసార్ధాన్ని టాలరెన్స్‌తో గుణించి, దాన్ని 8 రెట్లు చేసి, వర్గమూలం తీస్తే ఒక్కో రేఖ పొడవు వస్తుంది. 50 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపుకు 0.01 టాలరెన్స్ ఇస్తే రేఖ పొడవు 2 మి.మీ. ఒక రేఖకూ పక్క రేఖకూ మధ్య 2.3 డిగ్రీల విరుపు. పది మైక్రాన్ల లోతును కన్ను పట్టలేదు కానీ, వెలుతురు ప్రతిఫలించినప్పుడు రెండు డిగ్రీల విరుపును ఇట్టే పట్టేస్తుంది. దీనికి తోడు ఒక పాస్‌లో (కటర్ ఒక్కసారి వెళ్లే లైన్) విరుపు వచ్చిన చోటే పక్క పాస్‌లో రాదు, కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది. పొలుసుల నమూనా అలా పుడుతుంది.

అదే టాలరెన్స్‌ను 0.001కి దించితే రేఖ పొడవు 0.63 మి.మీ. అవుతుంది, విరుపు 0.7 డిగ్రీలకు తగ్గుతుంది. మెరిసే మోల్డ్ ఉపరితలాలకు 0.001 నుంచి 0.002 మధ్య పెట్టుకోవడం మంచిది. స్పార్క్ టెక్స్చర్ (మెరుపు లేని గరుకు) పడబోయే చోట, బయటికి కనిపించని కోర్ (కేవిటీకి ఎదురు సగం) వైపు 0.005 చాలు. అన్నిటికీ 0.001 పెట్టేస్తే కంప్యూటర్‌కూ మెషిన్‌కూ అనవసరపు బరువు.

దాని పక్కనే స్మూతింగ్ అనే టిక్ ఉంది. పేరు చూసి ఇది నునుపు పెంచుతుందని చాలామంది అనుకుంటారు. అది చేసే పని వేరు: ఇచ్చిన హద్దులోపల అదనపు పాయింట్లను తీసేసి, వీలైన చోట ఆర్క్‌లు పెడుతుంది. కోడ్ చిన్నదవుతుంది. కానీ ఆ హద్దు టాలరెన్స్‌కు అదనం. 0.002 టాలరెన్స్ పెట్టి స్మూతింగ్‌కు 0.01 ఇస్తే టాలరెన్స్ తగ్గించిన ఫలమంతా పోయినట్టే. పాత కంట్రోల్ (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) మీద నడుపుతుంటే స్మూతింగ్ పెట్టండి, విలువ మాత్రం టాలరెన్స్‌ను మించకూడదు. మంచి లుక్-అహెడ్ (రాబోయే లైన్లను ముందే చదివే శక్తి) ఉన్న కంట్రోల్ అయితే ఫ్రీఫామ్ ఉపరితలాలకు టిక్ తీసేయడమే మేలు. ఒక ఆర్క్, రెండు రేఖలు, మళ్లీ ఆర్క్ అని కలగాపులగంగా వచ్చే కోడ్ కంటే సమంగా పరిచిన చిన్న రేఖలతోనే మెషిన్ సాఫీగా నడుస్తుంది.

ఈ విషయంలో ఫ్యూజన్‌ను మెచ్చుకోవాల్సిన సదుపాయం ఒకటి ఉంది. సిమ్యులేషన్‌లో టూల్‌పాత్ పాయింట్లను చూపించే ఆప్షన్ పెడితే ప్రతి లైన్ మీదా చుక్కలు కనిపిస్తాయి. దగ్గరికి తెచ్చి చూడండి. పక్కపక్క పాస్‌లలో చుక్కలు దూరదూరంగా, చిందరవందరగా ఉంటే ఆ ప్రోగ్రామ్ పొలుసులు ఇస్తుంది. స్టీల్ ముక్క పాడుకాకముందే తెలిసిపోతుంది.

మోడల్‌లోనే తప్పుంటే

టాలరెన్స్ ఎంత దించినా విరుపులు అక్కడే ఉన్నాయంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ముందు మోడల్‌ను చూడాలి. కస్టమర్ పంపింది ఎస్‌టీఎల్ ఫైల్ అయితే అది చిన్న త్రిభుజాలతో అల్లినది, పుట్టుకతోనే ముక్కలు ముక్కలు. ఫ్యూజన్ ఆ ముక్కల్నే నమ్మకంగా కోస్తుంది. అసలు వంపుల్ని ఉన్నవి ఉన్నట్టు దాచే స్టెప్ ఫైల్ అడిగి తెప్పించుకోవడం తప్ప దారి లేదు.

స్టెప్ ఫైల్‌లోనూ రెండు ఉపరితలాలు కలిసే చోట వంపు ఒక్కసారిగా మారితే ఆ గీత మోల్డ్ మీదికి, అక్కడి నుంచి ప్లాస్టిక్ మీదికి వస్తుంది. ఇన్‌స్పెక్ట్ మెనూలోని జీబ్రా ఎనాలిసిస్ మోడల్ మీద నలుపు తెలుపు చారలు వేసి దీన్ని పట్టిస్తుంది. నల్లచారలు అతుకు దగ్గర తెగి పక్కకు జరిగితే అక్కడ ఉపరితలాలు స్పర్శగా (ఒకే దిశలో) కూడా కలవలేదు. చారలు కలిసి ఒక్కసారిగా మలుపు తిరిగితే స్పర్శ ఉంది, వంపు కొనసాగింపు లేదు. సాఫీగా దాటిపోతే నిశ్చింత. మోడలింగ్, క్యామ్ ఒకే చోట ఉండటం వల్ల ఈ పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. విడి క్యామ్ ప్యాకేజీలతో పోలిస్తే ఫ్యూజన్‌కు ఇది నిజమైన లాభం.

ఏ వంపుకు ఏ లైన్లు

పారలల్ ఎక్కువమంది వాడేది. లైన్లన్నీ ఒకే దిశలో, చూడటానికి అందంగా ఉంటాయి. వాలు తక్కువ ఉన్న వంపులకు దీనికి మించింది లేదు. నిటారు గోడ ఎక్కేసరికి దీని బలహీనత బయటపడుతుంది. స్టెప్ఓవర్‌ను, అంటే పక్కపక్క లైన్ల ఎడాన్ని, ఇది పైనుంచి చూసిన దూరంగా కొలుస్తుంది. పాస్‌ల దిశకు అడ్డంగా వాలు పెరిగేకొద్దీ ఉపరితలం మీద లైన్ల మధ్య దూరం పెరిగిపోతుంది.

బాల్‌నోజ్ (గుండ్రటి కొన ఉన్న కటర్) లైన్ల మధ్య మిగిల్చే గట్టు ఎత్తుకు లెక్క సులువు: స్టెప్ఓవర్‌ను దానితోనే గుణించి, కటర్ వ్యాసానికి నాలుగు రెట్లతో భాగించాలి. 6 మి.మీ. కటర్, 0.2 స్టెప్ఓవర్ అయితే 1.7 మైక్రాన్లు. ఇది చదును మీద. 45 డిగ్రీల వాలు మీద దానికి రెట్టింపు. 60 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు. 75 దగ్గర దాదాపు పదిహేను రెట్లు, అంటే 25 మైక్రాన్లు, గోరుకు తగిలేంత. ఒకే కేవిటీలో అడుగు అద్దంలా ఉండి గోడలు గరుకుగా వచ్చాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. అప్పుడు కటర్ మార్చడం దండగ.

దీనికి ఫ్యూజన్ మూల ప్యాకేజీలోనే మందు ఉంది. జామెట్రీ ట్యాబ్‌లో స్లోప్ హద్దులు పెట్టి పారలల్‌ను 0 నుంచి 45 డిగ్రీల వరకు, కాంటూర్‌ను (ఒక్కో ఎత్తులో గోడ చుట్టూ తిరిగే లైన్లు) 43 నుంచి 90 వరకు విడగొట్టండి. ఆ రెండు డిగ్రీల కలయిక ఉండాల్సిందే. కచ్చితంగా 45 దగ్గర కోస్తే అతుకు గీత పడుతుంది. పారలల్‌లోనే ఇంకో టిక్ కూడా ఉంది, నిటారు చోట్ల అడ్డంగా అదనపు పాస్‌లు వేస్తుంది. రెండు వైపులా గోడలున్న చిన్న కేవిటీకి అదే చాలు.

స్కాలప్ ఉపరితలం మీద నిజమైన దూరాన్ని కొలిచి సమంగా వేస్తుంది, కాబట్టి వాలు గొడవ లేదు. కానీ అంచు నుంచి లోపలికి ఉంగరాలుగా కుదించుకుంటూ వస్తుంది. అంచుకు మూలలుంటే ఆ మూలల నుంచి మధ్యకు ఐమూలగా గీత తేలుతుంది, ప్రతి ఉంగరంలోనూ కటర్ అక్కడే దిశ మార్చుకుంటుంది కాబట్టి. గుండ్రటి గిన్నెలకు స్కాలప్ చక్కగా కుదురుతుంది. చదరపు మూలలున్న కేవిటీకి, అందులోనూ మెరుపు కావలసిన చోట, ఎంచుకోకపోవడమే మంచిది.

స్టీప్ అండ్ షాలో ఈ పంచాయితీ మొత్తాన్ని ఒక్క ఆపరేషన్‌లో తీరుస్తుంది. వాలును బట్టి తానే విడగొడుతుంది, కలయిక కూడా తానే ఇస్తుంది. అయితే ఇది మూల చందాలో రాదు, మాన్యుఫాక్చరింగ్ ఎక్స్‌టెన్షన్ విడిగా తీసుకోవాలి. నెలకు ఒకటి రెండు మోల్డ్‌లు చేసే షాపుకు స్లోప్ హద్దులతో చేత్తో విడగొట్టుకోవడమే గిట్టుబాటు. రోజూ మోల్డ్ పనే చేసేవారికి ఎక్స్‌టెన్షన్ ప్రోగ్రామర్ సమయాన్ని నిజంగానే మిగుల్చుతుంది. ఇంత మౌలికమైన మోల్డ్ ఆపరేషన్‌ను అదనపు చెల్లింపు వెనక పెట్టడం మాత్రం ఈ ఉత్పత్తిలో మాకు నచ్చని విషయం.

ఉచిత వ్యక్తిగత లైసెన్స్ గురించి ఒక్క మాట. అది వ్యాపారానికి పనికిరాదు. పైగా 2020 నుంచి అందులో ర్యాపిడ్ (కోయకుండా వేగంగా జరిగే) కదలికలు కూడా ఫీడ్‌లోనే, అంటే కోసే వేగంలోనే వస్తాయి. నేర్చుకోవడానికి వాడండి, కస్టమర్ మోల్డ్‌కు వద్దు.

కటర్ మొన దగ్గర ఏం జరుగుతుంది

సాఫ్ట్‌వేర్ ఎంత చక్కటి లైన్ ఇచ్చినా బాల్‌నోజ్ కొన దగ్గర వేగం సున్నా. 6 మి.మీ. కటర్‌తో 0.1 లోతు తీస్తుంటే చదును మీద కోసే అసలు వ్యాసం 1.5 మి.మీ. మాత్రమే. 8,000 ఆర్‌పీఎం దగ్గర 6 మి.మీ. వ్యాసానికి లెక్కేస్తే నిమిషానికి 150 మీటర్లు వస్తుంది. లోహానికి నిజంగా అందేది 39 మీటర్లే. కొనైతే అసలు కోయదు, రుద్దుతుంది. కేవిటీ అడుగున, డోమ్ నెత్తిన మాత్రమే మసకగా చిరిగినట్టు మచ్చ కనిపిస్తే అది ఈ రుద్దుడే.

జాబ్‌ను సైన్ ప్లేట్ (కోణం కచ్చితంగా పెట్టే పలక) మీద 15 డిగ్రీలు వంచి బిగిస్తే కోసే వ్యాసం 3 మి.మీ. అవుతుంది, వేగం 75 మీటర్లకు చేరుతుంది. ఫ్యూజన్ సెటప్‌లో జడ్ యాక్సిస్‌ను ఆ కోణంలోనే పెట్టుకోవచ్చు, మోడల్‌ను తిప్పనక్కరలేదు. వంచడం కుదరకపోతే స్పిండిల్ వేగాన్ని అది తట్టుకున్నంత పెంచండి. అక్కడ ఫీడ్ తగ్గించడం మాత్రం వద్దు, రుద్దుడు ఇంకా పెరుగుతుంది.

కేవిటీ అనుమతిస్తే పెద్ద కటర్ వాడండి. మినిమమ్ రేడియస్ ఎనాలిసిస్ ఆ వంపులో ఎంత కటర్ పడుతుందో రంగుల్లో చూపిస్తుంది. 10 మి.మీ. బాల్‌నోజ్‌కు అదే 0.2 స్టెప్ఓవర్ దగ్గర గట్టు ఒక్క మైక్రానే. మూలల్ని వాటి వెంటే నడిచే పెన్సిల్ ఆపరేషన్‌తో చిన్న కటర్‌కు వదిలేయొచ్చు.

రెండు పళ్ల కార్బైడ్ బాల్‌నోజ్‌కు పంటికి 0.075 చొప్పున 8,000 దగ్గర ఫీడ్ 1,200 వస్తుంది. 100 మి.మీ. చదరానికి 0.2 స్టెప్ఓవర్ అయితే 50 మీటర్ల దారి, 42 నిమిషాలు. 0.1 అయితే 83 నిమిషాలు. గట్టు 1.7 నుంచి 0.4 మైక్రాన్లకు దిగుతుంది, కాగితం మీద. కొలెట్‌లో (కటర్‌ను పట్టే బిగింపు) రనౌట్, అంటే తిరిగేటప్పుడు కటర్ పక్కకు ఊగడం, 0.02 ఉంటే ఈ లెక్కకు అర్థం లేదు. ఒక పన్నే కోస్తుంది, ఫీడ్ దిశలో గట్లు నాలుగు రెట్లు అవుతాయి. కాబట్టి స్టెప్ఓవర్ తగ్గించి మెషిన్‌ను ఇంకో నలభై నిమిషాలు కట్టేసే ముందు కటర్‌కు డయల్ గేజ్ పెట్టి రనౌట్ చూడండి. ఫినిషింగ్‌కు 0.005 దాటకూడదు. దాటితే కొలెట్, నట్టు తుడిచి మళ్లీ బిగించండి. అప్పటికీ తగ్గకపోతే కొలెట్ మార్చండి. కటర్ బయటికి ఎంత పొడుచుకుని ఉందో కూడా చూసుకోండి. పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లు.

సెమీ ఫినిషింగ్ ఎగ్గొట్టడం ఇంకో అలవాటు. రఫింగ్ మెట్ల మీద నేరుగా ఫినిషింగ్ కటర్ నడిస్తే ఒక చోట 0.1, ఇంకో చోట 0.8 దొరుకుతుంది. కటర్ అందుకు తగ్గట్టే వంగి, ఆ మెట్ల నీడను ఉపరితలం మీద వదులుతుంది. 0.1 నుంచి 0.15 వరకు సమంగా మిగిల్చే ఒక పాస్ వేయకుండా ఫినిషింగ్ మొదలుపెట్టొద్దు.

కోడ్ మెషిన్‌కు చేరాక

టాలరెన్స్ 0.001కి దించాక ఫినిష్ బాగుపడకపోగా చెడిందని కొందరు చెబుతారు. అందులో నిజం ఉంది. పాత మెషిన్‌కు ఆర్‌ఎస్-232 కేబుల్‌తో 9,600 బాడ్ రేటుకు ప్రోగ్రామ్ పంపిస్తుంటే సెకనుకు దాదాపు 900 అక్షరాలే వెళ్తాయి. మూడు యాక్సిస్‌ల లైన్‌కు 25 అక్షరాలు అనుకుంటే సెకనుకు 36 లైన్లు. ఒక్కో లైన్ 0.63 మి.మీ. అయితే ఎంత ఫీడ్ పెట్టినా నిమిషానికి 1,350 మి.మీ. దాటదు. 5 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపులో రేఖ 0.2 మి.మీ.కు కుదించుకుపోతుంది, అక్కడ 430 మించదు. మెషిన్ ఆగి ఆగి కదులుతుంది, ఆగిన ప్రతిచోటా కటర్ చిన్న గుంట వదులుతుంది. మెమరీ కార్డ్ నుంచో డేటా సర్వర్ నుంచో నడపండి. ఆ వీలు లేకపోతే టాలరెన్స్ 0.003, స్మూతింగ్ 0.002 దగ్గర రాజీపడండి.

కొత్త మెషిన్లలో తప్పు వేరే చోట ఉంటుంది. ఫానుక్‌లో జీ05.1 క్యూ1, హాస్‌లో జీ187 పీ3, సీమెన్స్‌లో సైకిల్ 832, హైడెన్‌హైన్‌లో సైకిల్ 32: ఫినిషింగ్‌కు ముందు ఆయా కంట్రోల్‌లను సాఫీగా నడిపే ఈ ఆదేశాలు కోడ్‌లో ఉండాలి. లేకపోతే కంట్రోల్ మూలల్ని తనకు తోచినంత గుండ్రం చేస్తుంది, లేదా ప్రతి విరుపు దగ్గరా బ్రేకు వేస్తుంది. ఫ్యూజన్ పోస్ట్‌లో (టూల్‌పాత్‌ను మెషిన్ కోడ్‌గా మార్చే భాగం) దీనికి స్మూతింగ్ ప్రాపర్టీ ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే ఆ లైన్ రాదు, రాలేదని ఎవరూ చెప్పరు కూడా. పోస్ట్ చేశాక ఫైల్ తెరిచి మొదటి ఇరవై లైన్లు కంటితో చూసుకోవడం తప్పదు. ఫానుక్‌లో ఆ ఆప్షన్ కొనని మెషిన్ అయితే అలారం ఇస్తుంది. అప్పుడు ఆ లైన్ తీసేసి, ఫీడ్ తగ్గించి నడపాలి.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి మూడు చిన్న పరీక్షలు సరిపోతాయి. ఒక మూలన 20 మి.మీ. చదరం చాలు. మొదటిది, అదే ప్రోగ్రామ్‌ను ఫీడ్ ఓవర్‌రైడ్ సగానికి తగ్గించి నడపండి. మచ్చలు పోతే తప్పు కంట్రోల్‌ది లేదా డేటా వేగానిది, అలాగే ఉంటే ప్రోగ్రామ్‌లోనో మోడల్‌లోనో ఉంది. రెండోది, పారలల్ దిశను 90 డిగ్రీలు తిప్పండి. మచ్చలు కూడా తిరిగితే టూల్‌పాత్ తప్పు, ఉన్నచోటే ఉంటే మోడల్ తప్పు. మూడోది, ఫీడ్ ముట్టకుండా స్పిండిల్ వేగాన్ని పది శాతం తగ్గించండి. చారల ఎడం మారితే అది చాటర్ (కటర్ అదురు) కావచ్చు, పొడవు తగ్గించి కటర్ బిగించండి. గుండ్రటి ఆకారంలో సరిగ్గా యాక్సిస్ దిశ మారే నాలుగు చోట్ల మాత్రమే గీత ఉంటే అది బ్యాక్‌లాష్ (యాక్సిస్ స్క్రూలో వదులు). ఏ సాఫ్ట్‌వేర్ దాన్ని తీర్చలేదు.

రెండు ఆపరేషన్లు కలిసే చోట సన్నని మెట్టు కనిపిస్తే చాలాసార్లు కారణం వేడి. చల్లటి స్పిండిల్‌తో మొదలుపెట్టిన కాంటూర్ అయ్యేసరికి స్పిండిల్ వేడెక్కి పొడవు పెరుగుతుంది, పారలల్ పది మైక్రాన్లు కిందికి దిగుతుంది. ఫినిషింగ్ ఆర్‌పీఎం దగ్గరే పదిహేను ఇరవై నిమిషాలు ఖాళీగా తిప్పాక టూల్ హైట్ తీసుకోండి.

పాత లైసెన్స్ ఉన్న మంచి మోల్డ్ ప్యాకేజీ చేతిలో ఉన్నవారు ఫినిషింగ్ కోసమే ఫ్యూజన్‌కు మారనక్కరలేదు. కొత్తగా మోల్డ్ పని మొదలుపెడుతున్న చిన్న షాపుకు మూల చందా ధైర్యంగా తీసుకోవచ్చు, మూడు-యాక్సిస్ పనికి కావలసిన లైన్లన్నీ అందులో ఉన్నాయి. కొన్న రోజే చేయాల్సిన పని: పారలల్, కాంటూర్, పెన్సిల్ మూడింటికీ టాలరెన్స్ (మెరుపుకు 0.002, టెక్స్చర్‌కు 0.005), స్లోప్ హద్దులు, స్టెప్ఓవర్ సరిచేసి, మెరుపు మోల్డ్‌కు ఒకటి, టెక్స్చర్ మోల్డ్‌కు ఒకటి చొప్పున టెంప్లేట్లుగా దాచుకోండి. నైట్ షిఫ్ట్‌లో ఎవరు ప్రోగ్రామ్ వేసినా 0.01 మళ్లీ రాకూడదు.